మూడుల్‌తో మీ సొంత ఆన్‌లైన్ తరగతి గది: కళాశాలలోనూ కార్యాలయంలోనూ ఎలా నిలబెట్టాలి

జూన్‌లో ఒక విద్యార్థి తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక సందేహం అడిగితే అధ్యాపకురాలు ఓపికగా పది వాక్యాల జవాబు రాస్తారు. సెప్టెంబరులో మరొకరు అదే సందేహం అడిగేసరికి ఆ జవాబు శుభోదయాల కింద, సెలవు ప్రకటనల కింద ఎక్కడో పడిపోయి ఉంటుంది, ఆమె మళ్లీ మొదటినుంచి రాయవలసి వస్తుంది. పనిచేసే చోట నష్టం ఇంకా పెద్దది. పాల శీతలీకరణ కేంద్రంలో ఇరవై ఏళ్లు పనిచేసిన సూపర్‌వైజరు పదవీ విరమణ చేసిన మర్నాడు, ఏ క్యాను తీసుకోవాలో ఏది తిప్పి పంపాలో ఆయన మాటమీద నడిచిన పని అంతా తడబడుతుంది. చెప్పిన జవాబు చెప్పిన చోటే నిలిచి, తరవాత వచ్చేవారికి దొరికేలా చేయడమే ఆన్‌లైన్ అభ్యసన వేదిక చేయవలసిన మొదటి పని. పాఠాల ఫైళ్లు దాచడం రెండో పని మాత్రమే. ఈ వరుస తారుమారైన చోట ఆ వేదిక పీడీఎఫ్‌ల గోదాముగా మారి, రెండు నెలల్లో ఎవరూ తెరవని సైటుగా మిగిలిపోవడం నేను ఒకటికి మించిన సంస్థల్లో చూశాను.

ఇక్కడ మూడుల్ అనే సాఫ్ట్‌వేర్‌ను ఆధారంగా తీసుకొని వివరిస్తున్నాను. ఇది ఉచితం, దీని మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది, విద్యార్థుల సమాచారం మన చేతుల్లోనే ఉంటుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన మార్టిన్ డూగియామాస్ దీని మొదటి పూర్తి వెర్షన్‌ను 2002 ఆగస్టులో విడుదల చేశారు. ఆయన బాల్యం ఎడారి ప్రాంతంలో గడిచింది, బడి పాఠాలు రేడియో ద్వారా విన్నారు. దూరాన ఉన్న విద్యార్థికి పాఠం చేరడం ఒక్కటే చాలదని, అతని మాట కూడా తిరిగి గురువుకు చేరాలని తెలిసిన మనిషి తయారుచేసిన సాధనం కావడం వల్లనే కాబోలు, మూడుల్‌లో చర్చావేదికకు ఇంత ప్రాముఖ్యం ఉంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక కాగితం తీసుకోండి

కంప్యూటరు దగ్గరకు వెళ్లకముందే నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయండి. ఎవరు నేర్చుకుంటారు, వారి చేతిలో ఏ పరికరం ఎంత నెట్ ఉంది, నేర్చుకున్నాక వారు ఏ పని చేయగలగాలి, వారి సందేహానికి ఎవరు ఎంత వ్యవధిలో జవాబు చెబుతారు. ఒక డిగ్రీ కళాశాల కామర్స్ విభాగానికి ఈ కాగితం ఇలా ఉండవచ్చు: అరవైమంది బి.కాం. విద్యార్థులు, అందరివీ ఫోన్లే, రోజువారీ డేటా సాయంత్రానికి అయిపోతుంది, తరుగుదల (యంత్రం వంటి ఆస్తి విలువ ఏటా తగ్గడం) లెక్కలను స్థిర వాయిదాల, తగ్గుతున్న నిల్వల పద్ధతులు రెండింటిలోనూ తప్పు లేకుండా చేయగలగాలి, అధ్యాపకుడు ప్రతి రోజూ రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా జవాబులు రాస్తారు. పాల కేంద్రానికైతే: పన్నెండుమంది సిబ్బంది, మూడు షిఫ్టులు, కొందరికి ఈమెయిల్ లేదు, కొత్తవారు రెండు వారాల్లో పాల నాణ్యత పరీక్షలు సొంతంగా చేయగలగాలి, షిఫ్టు ఇన్‌చార్జి మర్నాటికల్లా జవాబు ఇస్తారు.

నాలుగో ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి పేరు రాయలేకపోతే అక్కడితో ఆగండి. సర్వర్ కొనడం, శిక్షణ కార్యక్రమం పెట్టడం, ప్రారంభోత్సవం చేయడం ఇవేవీ ఆ ఖాళీని పూడ్చలేవు. అలాగే మొదటి ఏడాది ఒక్క కోర్సుతోనే మొదలుపెట్టండి. అన్ని విభాగాలకూ ఒకేసారి పేజీలు తెరిచి వాటిని ఖాళీగా ఉంచితే, వచ్చి చూసిన విద్యార్థి రెండోసారి రాడు.

సైటును ఎక్కడ పెట్టాలి

సాంకేతిక సిబ్బంది ఎవరూ లేని సంస్థ సొంత సర్వర్ జోలికి పోకుండా, మూడుల్‌ను నిర్వహించి ఇచ్చే సేవను ఏడాది చందాకు తీసుకోవడం మంచిది. కంప్యూటర్ సైన్స్ విభాగం ఉన్న కళాశాల అద్దె క్లౌడ్ సర్వర్ మీద తానే పెట్టుకోవచ్చు. సర్వర్‌ను కళాశాల గదిలోనే ఉంచాలన్న ఆలోచన ఆకర్షణీయంగానే ఉంటుంది గాని, కరెంటు పోయిన రాత్రి, అందులోనూ పరీక్షకు ముందు రాత్రి, ఇంట్లో కూర్చున్న విద్యార్థికి ఆ సైటు అందదు.

వెర్షన్ ఎంపికలో తొందరపడకండి. మూడుల్ ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ కొత్త వెర్షన్లు విడుదల చేస్తుంది, వాటిలో కొన్నింటికి మాత్రమే దీర్ఘకాలిక మద్దతు ఉంటుంది. 2024 అక్టోబరులో వచ్చిన 4.5 అటువంటిదే, దానికి భద్రతా సవరణలు 2027 అక్టోబరు దాకా అందుతాయి. దాన్ని నడపడానికి సర్వర్‌లో పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 8.1 నుంచి 8.3 దాకా ఏదో ఒక వెర్షన్ ఉండాలి. సమాచారం దాచే డేటాబేస్‌గా మరియాడీబీ, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ మూడింటిలో మీ సిబ్బందికి అలవాటైనది వాడండి.

మెమరీ లెక్కకు మూడుల్ వారే ఇచ్చిన ఒక స్థూలమైన కొలత ఉంది: ఒక జీబీ ర్యామ్‌కు ఒకేసారి వాడేవారు పదిమంది నుంచి ఇరవైమంది. మొత్తం విద్యార్థుల సంఖ్యను కాదు, ఒకే నిమిషంలో సైటు మీద ఉండేవారి సంఖ్యను చూడాలి. 300 మంది విద్యార్థులున్నా మామూలు రోజున ఒకేసారి ముప్పైమంది కూడా ఉండరు, కానీ రాత్రి తొమ్మిదికి క్విజ్ ముగుస్తుందని ప్రకటిస్తే ఎనిమిదిన్నరకు వందమంది వచ్చి కూర్చుంటారు. ఆ ఒక్క రాత్రి కోసం పెద్ద సర్వర్ కొనే బదులు, సెక్షన్ల వారీగా వేర్వేరు రోజుల్లో గడువు పెట్టండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మూడు విషయాలను విడిచిపెట్టకూడదు. విద్యార్థులు దాఖలు చేసే ఫైళ్లన్నీ చేరే మూడుల్‌డేటా ఫోల్డరు, బయటివారు బ్రౌజరు నుంచి నేరుగా చేరలేని చోట ఉండాలి. క్రాన్ అనే నేపథ్య ప్రక్రియ ప్రతి నిమిషం నడవాలి, అది ఆగితే ఈమెయిళ్లు వెళ్లవు, నోటిఫికేషన్లు రావు, పైకి మాత్రం సైటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి కారణం పట్టుకోవడానికి రోజులు పడుతుంది. సైటు చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తోనే మొదలవ్వాలి, లేకపోతే పాస్‌వర్డులకు రక్షణ ఉండదు.

తెలుగుకు సంబంధించిన అమరికలు

మిగతా గైడుల్లో దొరకనిదీ, మన దగ్గర ఎక్కువమంది తడబడేదీ ఈ భాగంలోనే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మూడుల్‌కు తెలుగు భాషా ప్యాక్ ఉంది. సైట్ అడ్మినిస్ట్రేషన్‌లోని భాషల విభాగం నుంచి దాన్ని చేర్చుకోవచ్చు. అనువాదం పూర్తికాని చోట ఇంగ్లీషు పదాలే కనిపిస్తాయి, ఏదైనా అనువాదం మీ విద్యార్థులకు అర్థం కాదనిపిస్తే అక్కడే ఆ పదాన్ని మీకు నచ్చినట్టు మార్చుకునే వీలూ ఉంది. కష్టపడి చేసిన సంస్కృత సమాసం కంటే, బడిలో అందరూ అనే ‘అసైన్‌మెంట్’, ‘మార్కులు’ వంటి మాటలే మేలు.

తరవాత పేర్ల సంగతి. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, మూడుల్ సహజంగా చివరి పేరును చివరనే చూపిస్తుంది. యూజర్ పాలసీల పేజీలో పూర్తి పేరు చూపే వరుసను మార్చి, ఇంటిపేరు ముందు వచ్చేలా పెట్టండి. ఇది చేయకపోతే హాజరు పట్టీలోని పేరూ సైటులోని పేరూ వేర్వేరుగా కనిపించి, మార్కులు ఎక్కించే గుమాస్తా ప్రతి పేరు దగ్గరా ఆగవలసి వస్తుంది. విద్యార్థులందరినీ ఒకేసారి చేర్చడానికి ఎక్సెల్‌లో జాబితా తయారుచేసి సీఎస్‌వీ ఫైలుగా సేవ్ చేస్తారు కదా, అప్పుడు తప్పకుండా యూటీఎఫ్-8 అని ఉన్న సీఎస్‌వీనే ఎంచుకోండి. మామూలు సీఎస్‌వీ ఎంచుకుంటే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. యూజర్‌నేమ్‌గా హాల్ టికెట్ నంబరును చిన్న అక్షరాల్లో ఇవ్వండి. ఒకే ఈమెయిల్‌ను ఇంట్లో ముగ్గురు వాడుకోవడం మామూలే కనుక, ఒకే ఈమెయిల్‌తో ఒకటికి మించిన ఖాతాలను అనుమతించే సెట్టింగు ఉందని గుర్తుంచుకోండి. అలా అనుమతించిన ఖాతాలకు పాస్‌వర్డు మరచిపోతే ఈమెయిల్ మీద ఆధారపడకుండా, అధ్యాపకుడు చెప్పగా అడ్మిన్ మార్చి ఇచ్చే పద్ధతి పెట్టుకోవాలి.

అన్నింటికంటే పెద్ద చిక్కు పాత నోట్సుది. మన అధ్యాపకుల దగ్గర ఏళ్ల తరబడి పోగైన తెలుగు నోట్సులో చాలా భాగం అను ఫాంట్లలో టైపు చేసి ఉంటుంది. అవి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంకేతం ఇచ్చే పద్ధతి) కావు. తెర మీద తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. అందుకే వాటిని కాపీ చేసి మూడుల్ పేజీలో అతికిస్తే పిచ్చిగీతలు వస్తాయి. పీడీఎఫ్ చేసి పెడితే చూడటానికి బాగుంటుంది కానీ అందులో ఒక్క మాట వెతకడానికి వీలుండదు, చూపులేని విద్యార్థికి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చండి, మార్చాక వత్తుల దగ్గర, గుణింతాల దగ్గర ఒకసారి మనిషి కన్నుతో సరిచూడండి. మొత్తం నోట్సును ఒకేసారి మార్చాలని కూర్చుంటే ఆ పని ఎప్పటికీ తెమలదు. ఈ వారం పాఠానికి కావలసిన నాలుగు పేజీలే మార్చండి, ఏడాది తిరిగేసరికి పుస్తకం తయారవుతుంది.

కోర్సు పేజీని ఫోన్ మీద చూస్తూ కట్టండి

కొత్త కోర్సు తెరిచినప్పుడు దాన్ని వారాల వారీగా పెట్టాలా, అంశాల వారీగా పెట్టాలా అని అడుగుతుంది. తరగతికి తేదీల ప్రకారం నడిచే పాఠమైతే వారాలు, షిఫ్టు సిబ్బంది ఎప్పుడు వీలైతే అప్పుడు నేర్చుకునేదైతే అంశాలు. ఒక్కో భాగంలో నాలుగైదు అంశాలకు మించనివ్వకండి: రెండు వాక్యాల పరిచయం, చదవడానికో వినడానికో ఒకటి, చేయడానికి ఒకటి, అడగడానికి ఒక చోటు. మీ కంప్యూటర్‌లో అందంగా కనిపించిన పట్టిక ఫోన్‌లో పక్కకు జరిగి సగం కనబడకుండా పోవచ్చు. కాబట్టి ప్రతి భాగం పూర్తయ్యాక, విద్యార్థి ఖాతాతో, వైఫై ఆపేసి, మొబైల్ డేటాతోనే తెరిచి చూడండి.

వీడియోల విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ వేదికలోని కోర్సుల మీద, 69 లక్షల వీక్షణలను పరిశీలించి చేసిన ఒక అధ్యయనంలో, ఆరు నిమిషాల లోపు వీడియోలనే విద్యార్థులు ఎక్కువ శ్రద్ధగా చూస్తున్నారని తేలింది. గంట ఉపన్యాసాన్ని రికార్డు చేసి అలాగే పెట్టడం ఎవరికీ మేలు చేయదు. ఒక లెక్క, ఒక పటం, ఒక పరీక్ష, ఇలా చేసి చూపించవలసిన దానికి మాత్రమే వీడియో తీయండి, మిగతాది ఆడియోగా ఇవ్వండి. 64 కేబీపీఎస్ వేగంలో రికార్డు చేసిన పది నిమిషాల ఆడియో ఐదు ఎంబీ కూడా దాటదు, ఉచిత డేటా అయిపోయిన సాయంత్రం కూడా దాన్ని దించుకోవచ్చు. చేతిరాత నోట్సును ఫోటో తీసి పెట్టేవారు ప్రతి ఫోటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుందని మరచిపోతారు. పది పేజీలకు అది ముప్పై నలభై ఎంబీ అవుతుంది. సైజు తగ్గించి పెడితే అదే నోట్సు రెండు ఎంబీల్లో ఇమిడిపోతుంది.

మూడుల్ మొబైల్ యాప్‌లో కోర్సును ముందే దించుకొని నెట్ లేనప్పుడు చదువుకోవచ్చు, క్విజ్ సెట్టింగులలో అనుమతిస్తే కొన్ని రకాల క్విజ్‌లను కూడా నెట్ లేకుండా రాసి తరవాత పంపవచ్చు. బస్సులో గంటన్నర ప్రయాణం చేసి కళాశాలకు వచ్చే విద్యార్థికి ఇది చాలా పెద్ద సౌకర్యం. యాప్ పనిచేయాలంటే అడ్మిన్ మొబైల్ సేవలను ఆన్ చేయాలి. యాప్ కోసం సైటును ఉచితంగా నమోదు చేసుకుంటే ఎన్ని ఫోన్లకు నోటిఫికేషన్లు వెళ్లగలవో దానికి పరిమితి ఉంది, అందువల్ల ముఖ్యమైన ప్రకటనలకు వాట్సాప్ గ్రూపును అలాగే ఉంచుకోండి. అయితే అక్కడ సైటు లింకు మాత్రమే పెట్టండి, పాఠం పెట్టకండి.

ప్రత్యక్ష తరగతి కావాలంటే 4.0 వెర్షన్ నుంచి బిగ్‌బ్లూబటన్ అనే వీడియో తరగతి సాధనం మూడుల్‌లోనే వస్తోంది. దాన్ని వారానికి ఒకసారి, సందేహాల కోసం మాత్రమే వాడుకోవడం నా సలహా.

క్విజ్: తప్పు జవాబులోనే పాఠం ఉంటుంది

క్విజ్‌ను మార్కుల కోసం పెట్టే పరీక్షగా కాకుండా నేర్పే పద్ధతిగా చూడండి. 2006లో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరవాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు గాని, వారం తరవాత పెట్టిన పరీక్షలో మాత్రం, ఒకసారి చదివి ఆపై గుర్తుచేసుకుంటూ పరీక్ష రాసుకున్నవారే ముందున్నారు. గుర్తుచేసుకునే శ్రమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. కాబట్టి ప్రతి భాగానికీ ఐదు ప్రశ్నల క్విజ్ పెట్టి, ఎన్నిసార్లైనా రాయడానికి అనుమతించండి.

ఇక ప్రశ్న ఎలా రాయాలి? ఒక యంత్రం ఖరీదు రూ.1,00,000, తరుగుదల రేటు 10 శాతం, తగ్గుతున్న నిల్వల పద్ధతి ప్రకారం మూడో సంవత్సరం తరుగుదల ఎంత అని అడిగామనుకోండి. సరైన జవాబు రూ.8,100. తప్పు జవాబులుగా నోటికొచ్చిన అంకెలు వేయకండి. రూ.10,000 ఎంచుకున్న విద్యార్థి స్థిర వాయిదాల పద్ధతితో కలగాపులగం చేసుకున్నాడు. రూ.9,000 ఎంచుకున్నవాడికి పద్ధతి తెలుసు గాని సంవత్సరం లెక్కలో ఒకటి తప్పాడు. రూ.81,000 ఎంచుకున్నవాడు తరుగుదలకు బదులు, రెండో సంవత్సరాంతానికి మిగిలిన యంత్రం విలువ రాశాడు. మూడుల్‌లో ప్రతి ఎంపికకూ విడిగా ఒక వ్యాఖ్య రాసే చోటు ఉంది. అక్కడ ‘తప్పు’ అని రాయకుండా, ‘ఇది ప్రతి ఏటా ఒకే మొత్తం తీసేసే పద్ధతి, నిల్వ మీద 10 శాతం లెక్కించి మళ్లీ చూడండి’ అని రాయండి. అరవైమంది నోటుపుస్తకాలు దిద్దిన అధ్యాపకుడికి ఏ తప్పు ఎందుకు వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు, ఆ అనుభవాన్ని ఇక్కడ పెట్టడమే కావలసింది. క్విజ్ ప్రవర్తన దగ్గర ‘పలు ప్రయత్నాలతో ఇంటరాక్టివ్’ రకాన్ని ఎంచుకొని, ప్రశ్నలో ఒక హింట్ కూడా చేరిస్తే ఈ వ్యాఖ్య చదివిన వెంటనే విద్యార్థి మళ్లీ ప్రయత్నించగలడు.

తెలుగులో జవాబు టైపు చేయించే ప్రశ్నలతో జాగ్రత్త అవసరం. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటను ఒకరు మధ్యలో కంటికి కనబడని విడదీత గుర్తుతో, మరొకరు ఆ గుర్తు లేకుండా టైపు చేస్తారు. మనిషికి రెండూ ఒకటే, యంత్రానికి మాత్రం వేర్వేరు మాటలు. ఇంజనీరు, ఇంజినీరు, ఇంజినీర్ అన్నీ సరైనవే అయినా మీరు ఒక్క రూపాన్నే జవాబుగా ఇస్తే మిగతా ఇద్దరికీ సున్నా వస్తుంది. సాధ్యమైన రూపాలన్నీ జవాబులుగా చేర్చండి, లేదా అలాంటి చోట బహుళైచ్ఛిక ప్రశ్నకే మొగ్గండి. అంకెల జవాబులకు ఈ బెడద లేదు.

సందేహాల వేదికను మొదటి నెలలో నిలబెట్టాలి

మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ అడగరు. అందరి ముందూ తెలియదని ఒప్పుకోవడం మన తరగతుల్లో అలవాటు లేని పని. అందువల్ల విద్యార్థి మీకు ఫోన్ చేసి సందేహం అడిగితే జవాబు చెప్పి, ‘ఇదే వేదికలో రాయమ్మా, అక్కడా జవాబు పెడతాను, ఇంకా నలుగురికి పనికొస్తుంది’ అనండి. ఆమె రాయకపోతే పేరు చెప్పకుండా మీరే ఆ ప్రశ్న పెట్టి, కింద జవాబు రాయండి. ఇలా పది పన్నెండు ప్రశ్నలు చేరాక మిగతావి వాటంతటవే రావడం మొదలవుతుంది.

చర్చావేదిక రకాల్లో ప్రశ్నోత్తరాల వేదిక అని ఒకటుంది. అందులో విద్యార్థి తన జవాబు రాసి, దిద్దుకునే గడువు దాటేదాకా, ఇతరుల జవాబులు అతనికి కనబడవు. ఆ గడువు మామూలుగా 30 నిమిషాలు. అందరూ మొదటివాడి జవాబునే తిరగరాయకుండా ఆపడానికి ఇది చక్కటి మార్గం. అయితే సాధారణ సందేహాలకు మాత్రం దీన్ని వాడకండి, అక్కడ మామూలు వేదికే సరైనది. జవాబు వచ్చిన సందేహానికి శీర్షిక మార్చి స్పష్టంగా పెట్టండి. ‘సార్ ఒక డౌటు’ అనే శీర్షిక కింద ఉన్న జవాబు వచ్చే ఏడాది ఎవరికీ దొరకదు.

కార్యాలయంలో: పెద్దల చేత రాయించకండి, చెప్పించండి

అనుభవజ్ఞులైన ఉద్యోగులను ‘మీకు తెలిసింది రాసి పెట్టండి’ అని అడిగితే కాగితం ఖాళీగానే తిరిగి వస్తుంది. వారికి తెలిసింది మాటల్లో లేదు, చేతుల్లో ఉంది. అందువల్ల ఒక కొత్త ఉద్యోగిని ఆయన పక్కన నిలబెట్టి, పని జరుగుతుండగా ప్రశ్నలు అడిగించి ఫోన్‌లో రికార్డు చేయండి. పాల కేంద్రంలో ఆ సంభాషణ ఇలా సాగుతుంది:

‘అన్నా, ఈ క్యాను ఎందుకు పక్కన పెట్టావు? ఇంకా పరీక్ష చేయలేదు కదా.’

‘మూత తీయగానే పులుపు వాసన తగిలింది తమ్ముడూ. కొంచెం పాలు తీసి కాచి చూడు, విరిగితే తిప్పి పంపెయ్. ముందు ట్యాంకులో పోశాక చూస్తే ట్యాంకంతా పోతుంది.’

ఈ నాలుగు మాటల్లో ఒక నియమం, ఒక పరీక్ష, ఒక కారణం ఉన్నాయి. రికార్డు విన్న షిఫ్టు ఇన్‌చార్జి దాన్ని చిన్న పేజీగా రాయాలి, రాసింది పెద్దాయనకు చదివి వినిపించి సరిచేయించాలి, ఆ పేజీ కింద ఆయన పేరు ఉండాలి. ఈ చివరి పని చిన్నదిగా కనిపిస్తుంది గాని, తన పేరుతో పాఠం ఉందని తెలిసిన మనిషి రెండో పాఠం తనంతట తానే చెబుతాడు.

ఇలా సేకరించిన వాటికి మూడుల్‌లో మూడు చోట్లు ఉన్నాయి. పరికరాల పేర్లు, పరీక్షల పేర్లు పదకోశంలో పెట్టండి. పదకోశంలోని మాట ఏ పాఠంలో వచ్చినా దానికదే లింకుగా మారే సదుపాయం ఉంది, కానీ తెలుగు మాటకు విభక్తి చేరగానే రూపం మారుతుంది. ‘నమూనా’ కాస్తా ‘నమూనాలో’, ‘నమూనాను’ అవుతుంది. ప్రతి పదం కింద మారుపదాలు రాసే గడి ఉంటుంది, అందులో తరచుగా వచ్చే రూపాలను చేర్చండి. జరిగిన సంఘటనలను, అంటే ఏ రోజు ఏ యంత్రం ఏ కారణంతో ఆగింది, ఎలా సరిచేశారు అన్నవాటిని, డేటాబేస్ అనే యాక్టివిటీలో నిర్ణీత గడులతో నింపించండి. ఇన్‌చార్జి ఆమోదించాకే అందరికీ కనిపించేలా అమర్చవచ్చు. పని చేసే పద్ధతుల పేజీలకు వికీ సరిపోతుంది, మార్చిన ప్రతిసారీ పాత ప్రతి కూడా అందులో మిగులుతుంది.

కొత్త ఉద్యోగి కోర్సులో చదివి మార్కులు తెచ్చుకోవడంతో పని పూర్తి కాదు. పాలలో గంజి కలిసిందో లేదో చూడటానికి పాలను కాచి చల్లార్చి రెండు మూడు చుక్కల అయోడిన్ వేస్తే నీలిరంగు వస్తుందని క్విజ్‌లో సరిగ్గా గుర్తించినవాడు, బల్ల దగ్గర చల్లార్చకుండానే చుక్క వేయవచ్చు. కాబట్టి కోర్సు చివర ఒక అసైన్‌మెంట్ పెట్టి, తాను పరీక్ష చేస్తున్న రెండు నిమిషాల వీడియో దాఖలు చేయమనండి, ఇన్‌చార్జి అది చూసి సరేనన్నాకే కోర్సు పూర్తయినట్టు నమోదయ్యేలా అమర్చండి. పాలను 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచడం వంటి, తప్పితే నష్టం తెచ్చే పనులకు ఈ జాగ్రత్త తప్పనిసరి. ప్రతి పేజీ పైన ‘చివరిసారి సరిచూసిన తేదీ’ రాయండి. కొత్త యంత్రం వచ్చినా పాత యంత్రం పద్ధతే సైటులో మిగిలితే, అది ఏమీ లేకపోవడం కంటే ప్రమాదం.

లాగ్‌లను ఎవరు చూడాలి

ఎవరు ఎప్పుడు ఏ పేజీ తెరిచారో మూడుల్ నమోదు చేస్తుంది. వెనకబడిన విద్యార్థిని పలకరించడానికి ఇది ఉపయోగపడుతుంది, ఉద్యోగిని శిక్షించడానికి వాడితే మాత్రం ఆ రోజు నుంచి వేదికలో ఎవరూ నిజమైన సందేహం అడగరు. ఈ వివరాలను ఎవరు, ఎందుకు చూస్తారో మొదటి పేజీలోనే స్పష్టంగా రాసి, ఆ మాట మీద నిలబడండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా పరిగణిస్తుంది, వారి సమాచారం తీసుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది. జూనియర్ కళాశాలలు ప్రవేశ దరఖాస్తుతో పాటే ఆ సమ్మతి పత్రం తీసుకోవడం తేలిక. ఆధార్, కులం, ఫోన్ నంబరు వంటి వివరాలు మూడుల్‌లో ఉండవలసిన అవసరమే లేదు.

ఏడాది చివరి పనులు

విద్యాసంవత్సరం ముగిశాక కోర్సును బ్యాకప్ తీసి దాచి, ఆ తరవాత రీసెట్ చేయండి. రీసెట్ చేసేటప్పుడు పాత విద్యార్థుల జవాబులను, మార్కులను తొలగించి, పాఠాలను ప్రశ్నలను ఉంచుకోవచ్చు. సందేహాల వేదికను మాత్రం చెరపకండి. అందులో మంచి ప్రశ్నోత్తరాలను ఏరి, పేర్లు తీసేసి, కొత్త విద్యార్థులకు ‘తరచుగా వచ్చే సందేహాలు’ అనే పేజీగా పెట్టండి.

సైటు మొత్తానికి బ్యాకప్ అంటే డేటాబేస్, మూడుల్‌డేటా ఫోల్డరు, కోడ్, మూడూ కలిసి. అవి సర్వర్‌లోనే ఉంటే సర్వర్‌తో పాటే పోతాయి కనుక ఒక ప్రతి వేరే చోట ఉండాలి. తిరిగి నిలబెట్టి చూడని బ్యాకప్‌ను నమ్మకండి. వేసవి సెలవుల్లో ఒక రోజు కేటాయించి, ఖాళీ సర్వర్ మీద ఆ బ్యాకప్‌తో సైటును మళ్లీ లేపండి. ఆ పని మామూలుగా చూసుకునే వ్యక్తి పక్కన కూర్చోవాలి, కీబోర్డు మాత్రం రెండో వ్యక్తి చేతిలో ఉండాలి, ఎందుకంటే ఉన్న ఒక్క అడ్మిన్ బదిలీ అయి వెళ్లిపోవడంతోనే చాలా సైట్లు ఆగిపోతాయి. ఏ అడుగు దగ్గర చిక్కు వచ్చిందో, మొత్తం ఎన్ని గంటలు పట్టిందో రాసి, ఆ కాగితాన్ని అడ్మిన్ పాస్‌వర్డు ఉన్న సీలు కవరుతో కలిపి ప్రిన్సిపాల్ గారి బీరువాలో పెట్టించండి.